ఆమినా బీ గుంజచెట్టు

కీచుమని ఒక లాగుడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత భూమి లోపలెక్కడో గుటక వేసిన చప్పుడు. మళ్ళీ కీచు.

అవనిగడ్డ దాటి కోడూరు వైపు వెళ్ళే రోడ్డు మీద, మే నెల ఎండలో, ఆ ఒక్క చప్పుడే ప్రాణంతో ఉంది. కాలువలో నీళ్ళు లేవు. అడుగున బురద ఎండి, పెంకులు పెంకులుగా విడిపోయి, పాత ఇంటి కప్పులా పడుకుని ఉంది. కాకులు నోళ్ళు తెరుచుకుని గట్టు మీద ఊరికే కూర్చున్నాయి. ఎవరినో పిలవబోయి సగంలో పేరు మరిచిపోతున్నట్టు, ఆ చేతిపంపు మాత్రం ఆగి ఆగి అరుస్తోంది.

నేను బందరు నుంచి ఒక చిరిగిన బరకం తెచ్చాను. వడ్లు ఆరబోయడానికీ, వానొస్తే రాశి మీద కప్పడానికీ వాడే పెద్ద పట్టా. ఎలుకలు దాన్ని జల్లెడ చేశాయి. "కోడూరు రోడ్డులో గుంజచెట్టు కింద ఆమినా బీ అని ఉంటుంది. ఆవిడ అతుకు వేసిందంటే బొట్టు కూడా దిగదు" అని మా అత్తయ్య పంపింది.

చెట్టు దూరం నుంచే తెలిసింది. ఆ గట్టు మీద అలాంటిది మరొకటి లేదు. సన్నగా, పొడుగ్గా ఉండే ఆకులు. గాలి తగిలితే తిరగబడి, వెనక దాచుకున్న వెండిని చూపిస్తాయి. అయితే ఆ రోజు ఆకుల అంచులు కాలి ఉన్నాయి, ఎవరో ఒక్కొక్కటీ దీపం మీద పట్టి తీసినట్టు. కింద రాలినవి నడిస్తే పొడి అవుతున్నాయి.

పంపు చప్పుడు ఆగింది. చెట్టు మొదలు చాటు నుంచి, చెరో చేతిలో ఒక బకెట్టుతో ఆమె వచ్చింది. అరవై దాటి ఉంటాయి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కొంగు తల మీంచి తిప్పి బొడ్లో బిగించింది. నన్ను చూసి ఆగలేదు. రెండు బకెట్లూ చెట్టు పాదులో నెమ్మదిగా, పసిబిడ్డకు తల మీద నీళ్ళు పోసినట్టు పోసింది. నేల వాటిని ఒక్క చుక్క మిగల్చకుండా తాగేసింది.

"దాహం తీరట్లేదు దీనికి," అంది, నాతోనో చెట్టుతోనో. తర్వాత నా చంకలోని బరకం చూసింది. "ఎలకలా? వేరుసెనగ మూటలు కట్టారా ఇందులో?"

"మీకెలా తెలుసు?"

"వాసనమ్మా. కూచో, నీడలోకి రా. ఉన్నంత నీడ."

*

ఆమె పని చూడాలంటే ఆ నీడలోనే చూడాలి. బరకం చిన్న గుడ్డ కాదు. ఒక గది పరిచినంత ఉంటుంది. దాన్ని నేల మీద విప్పి, మోకాళ్ళ మీద పాకుతూ, చిరుగు దొరికిన చోటల్లా సుద్దతో సున్న చుట్టి, దబ్బనంతో నైలాను దారం వేసి, పైన అతుకు అంటిస్తుంది. ఎండలో పరిస్తే ఆ ప్లాస్టిక్కు మోకాళ్ళను కాల్చేస్తుంది, మైనంలా సాగుతుంది, సూది ఒకచోట గుచ్చితే ఇంకోచోట తేలుతుంది. అందుకని ఆమెకు ఒక చెట్టంత నీడ కావాలి. కోతల ముందు దివిసీమ రైతులందరి బరకాలూ ఇక్కడికే వస్తాయి. తుఫాను కబురు వచ్చిందంటే రోడ్డు మీద ట్రాక్టర్లు నిలబడతాయి.

చెట్టుకు ఆనించిన నులక మంచం మీద ఆమె భర్త అల్లావుద్దీన్ ఉంటాడు. మోకాళ్ళు పని చెయ్యవు, నోరు చేస్తుంది. ఒకప్పుడు సైకిళ్ళు బాగుచేసేవాడు.

"ఈ చెట్టు నేను నాటలేదండీ," అన్నాడు నాతో. "నాటానంటే దేవుడు నవ్వుతాడు. మా పెళ్ళయిన కొత్తలో కృష్ణకి పెద్ద వరదొచ్చింది. పులిగడ్డ రేవులో ఎక్కడి నుంచో ఒక కొమ్మ కొట్టుకొచ్చి ఆగింది. దాన్ని నరికి నాలుగు గుంజలు చేశా. నీడకి పైన బరకం కట్టుకోవడానికి. రోడ్డు వైపు పాతిన మూడూ ఎండి పుల్లలైపోయినయ్. కాలవ వైపుది చిగిరేసింది."

"ఈయనకి అప్పుడు కూడా తెలీలా," అంది ఆమినా బీ దారం పళ్ళతో కొరుకుతూ. "గుంజకి ఆకులొచ్చినయ్ చూడమంటే, ఎవరో తగిలించి పోయుంటార్లే అన్నాడు."

అందుకే గుంజచెట్టు. పుస్తకాల్లో దీని పేరు ఏటిపాల. ఈ దారిలో ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. కొమ్మ విరిచి తడి నేలలో గుచ్చితే బతికే జాతి. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని నిలబడటం దానికి ఇష్టం. కాలువ నిండుగా ఉన్నప్పుడు గట్టు పక్క నుంచి ఎర్రటి సన్నటి వేళ్ళు దిగి, నీళ్ళలో జడపాయల్లా ఊగుతాయట. వరదొచ్చి నడుం దాకా మునిగినా దానికి ఏమీ కాదు. చలికాలం ఆకు రాల్చి, కొత్త చిగుళ్ళతో పాటు ఉడుత తోకల్లాంటి పసుపు కంకులు వేస్తుంది. అప్పుడు తేనెటీగల రొదకు అల్లావుద్దీన్‌కి పగటి నిద్ర కూడా పట్టదు.

"ప్రతి ఏడూ ఎండాకాలం కాలవ కట్టేస్తారు కదా. అప్పుడెలా?" అని అడిగాను.

"కట్టేసినా గుంటల్లో నీళ్ళు నిలిచేవి. దాంతో నెట్టుకొచ్చేది. ఈ ఏడు పెందరాళే కట్టేసి, పొక్లెయిను దించి పూడిక తీశారు. గుంటలన్నీ సాపు చేసి పోయారు. చుక్క లేదు." ఆమె మొహం పంపు వైపు తిప్పింది. "మూలనపడ్డ బోరింగుని ఈయన వాషరు మార్చి లేపాడు. లేకపోతే ఈపాటికి చెట్టు పోయేది."

రోడ్డు అవతల హోటలు నడిపే కనకమహాలక్ష్మి గ్లాసులు కడుగుతూ కేకేసింది. "వదినా, నువ్వు ఆ పంపు కొట్టే కొట్టుడుకి బోరింగులోంచి నీళ్ళు కాదు, పాతాళంలో వాళ్ళు లేచొస్తారు!"

"వస్తే నీ ఇడ్లీ తిని వెనక్కి పోతార్లే!"

అప్పుడే మోటారు సైకిలు ఆగింది. పక్క పొలం రైతు విక్రమ్. ముప్పై దాటిన మనిషి, ఎండకు నల్లబడ్డ మొహం. కోత బరకాలన్నీ ఇక్కడే కుట్టిస్తాడు. బండి దిగకుండానే అన్నాడు. "పిన్నీ, కరెంటోళ్ళు కలిశారు. ఎండిన చెట్టు తీగెల పక్కన ఉండకూడదంట. గాలివానలు గట్టిగా మొదలయ్యేలోపు కొట్టేస్తామంటున్నారు."

"ఎండిందని ఎవరన్నారు?"

"చూస్తుంటే తెలీట్లా?"

"నీ నెత్తి మీద కూడా పలచబడింది. నిన్నూ కొట్టెయ్యమందునా?"

విక్రమ్ నవ్వాడు. కానీ నవ్వు త్వరగా అయిపోయింది. "చిగురు కనిపిస్తే ఆగుతారు పిన్నీ. నేను చెప్పి చూస్తా. పచ్చటి ఆకే లేని చెట్టుకి నేను మాత్రం ఏం చెప్పను?"

అతను వెళ్ళాక ఆమె మళ్ళీ బకెట్లు అందుకుంది. నడుస్తూ అంది. "గుడివాడలో మా అమ్మాయి రేష్మా, తన దగ్గరికి వచ్చెయ్యమంటది. రెండు గదుల పోర్షను. దుప్పటి పరవడానికే చోటుండదు, ఇక బరకం ఏం పరుస్తా?"

కీచుమని పంపు మొదలైంది. నా బరకం ఆమె పక్కన చుట్టగానే ఉండిపోయింది.

*

చెప్పిన రోజుకి వెళ్ళాను. బరకం విప్పనే లేదు. ఆమె దబ్బనం పట్టుకుని చాలా రోజులైనట్టుంది. అరచేతుల్లో పంపు పిడి ఆనవాళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెట్టు పాదు చిత్తడిగా ఉంది. చెట్టు మాత్రం ఇంకా ఎండింది. పోసిన కొద్దీ ఎండుతోంది, ఎండిన కొద్దీ పోస్తోంది. పై కొమ్మల్లో ఆకాశం తప్ప ఇంకేం మిగల్లేదు.

ఆ పూట టిన్ను నీళ్ళ ఆటో రాలేదు. ప్లాంటులో కరెంటు లేదట. ఇక్కడ తాగేవి, టీకి వాడేవి, అన్నీ టిన్ను నీళ్ళే. చాలా ఏళ్ళుగా అంతే. పంపు నీళ్ళు నోట పెట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

"పొయ్యి ఆర్పెయ్యాలి ఇవాళ," అంది కనకమహాలక్ష్మి, నడుం మీద చెయ్యేసుకుని.

"ఎందుకూ? నా బోరింగు లేదా? కొట్టి కొట్టి చేతులు పోయినయ్, ఒక టీ అయినా దక్కనీ," అని ఆమినా బీ ఒక బకెట్టు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది.

పాలు పొయ్యి మీద పెట్టి, నీళ్ళు కలిపి, పొంగు రాబోయేసరికి గిన్నెలో ముక్కలు ముక్కలుగా తేలాయి.

"పాలు విరిగినయ్! ఆ పాలవాడి సంగతి చెప్తా," అంటూ కనకమహాలక్ష్మి ఇంకో ప్యాకెట్టు చింపింది. అదీ విరిగింది. గరిటె పట్టుకుని కాసేపు గిన్నెలోకి చూసింది. అప్పుడు బకెట్టులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. మొహం నిమ్మకాయ పిండినట్టయింది. పక్కకు ఉమ్మేసింది.

"వదినా! ఉప్పు! హంసలదీవి దాకా పోయి సముద్ర స్నానం చెయ్యక్కర్లేదు, ఇక్కడే చేసి పోవచ్చు!"

మంచం మీద అల్లావుద్దీన్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమినా బీ నవ్వలేదు.

ఆమె గ్లాసు ముంచి ఒక గుక్క తాగింది. ఉమ్మలేదు, మింగింది. ఇంకో గుక్క తాగింది, మొదటిది నమ్మనట్టు. తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టి, రోడ్డు దాటి, చెట్టు దగ్గరికి వెళ్ళింది. పాదు గట్టున తడి ఆరిన చోట తెల్లగా, పొడిగా ఏదో మెరుస్తోంది. ఇన్నాళ్ళూ అందరం చూశాం. సున్నమో, దుమ్మో అనుకున్నాం. ఆమె వేలితో తీసి నాలికకు తాకించింది.

"నేనే," అంది. "పొద్దున నేనే, సాయంత్రం నేనే. ఎండిపోతోందని ఇంకో బకెట్టు, ఇంకో బకెట్టు... దీనికి నేను ఉప్పు తాపించా."

అల్లావుద్దీన్ మంచం మీద ముందుకు జరిగాడు.

"వాషరు మార్చింది నేను. సగం నా మీద వేసుకో."

"మీరూరుకోండి."

"సగం అన్నా కదా. మొత్తం అడగలేదు."

టీ తాగడానికి వచ్చిన విక్రమ్, టీ లేదని తెలిసి, ఎందుకు లేదో విని, పాదు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. చెట్టును కొట్టెయ్యాలనే మాట ఈసారి అతని నోట రాలేదు.

"చౌడు పొలానికి ఏం చేస్తాం పిన్నీ? మంచినీళ్ళు నిండా పెట్టి, నానబెట్టి, కింద నుంచి తీసేస్తాం. ఉప్పు నీళ్ళతో దిగిపోద్ది. ఒక తడికి కాకపోతే రెండో తడికి. దీనిక్కూడా అంతే. కాలవ పక్కకి ఒక బోదె తవ్వితే చాలు, కడిగిన నీళ్ళు అటు పోతాయ్."

"మంచినీళ్ళు ఎక్కడున్నాయ్?"

"అదే. కాలవ వదలడానికి ఇంకా చాలా టైముంది. టిన్నులు ఏ మూలకి?" తల పైకెత్తాడు. "ఆకాశం నుంచి దిగాలి. దిగినా, ఒక వాన ఈ పాదులో పడేదెంత? చారెడు."

ఆమినా బీ మొదట ఆకాశం చూడలేదు. రోడ్డు పక్కన కొండలా పేర్చిన బరకాల కట్టలు చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపులో ఏదో పరుచుకోవడం నాకు తెలిసింది కానీ ఏమిటో తెలియలేదు.

"నీది ఇంకా కుట్టలేదమ్మా," అంది నాతో. "కొన్నాళ్ళు నా దగ్గరే ఉండనీ. ఏమనుకోకు."

*

ఆ తర్వాత జరిగినప్పుడు నేను అక్కడ లేను. కనకమహాలక్ష్మి చెప్పింది. ఆమె చెప్పే తీరులో వాన రెండుసార్లు కురుస్తుంది.

రోహిణి ఎండల మధ్య ఒక సాయంత్రం పడమట మబ్బు పట్టింది. కొల్లేటి పక్షులన్నీ ఒకేసారి లేచినట్టు గాలి వచ్చింది. ఊళ్ళో జనం అంతా పరుగులు తీసి ఆరబోసిన మినుముల మీద, వరిగడ్డి మీద బరకాలు కప్పుకుంటున్నారు. ఆమినా బీ మాత్రం ఉన్న బరకాలన్నీ విప్పి నేల మీద పరిచేస్తోంది. రోడ్డు ఎత్తు నుంచి చెట్టు వైపు వాలుగా, ఒకదాని కింద అంచు దూర్చి ఇంకొకటి, పక్కలు ఇటుకలతో ఎత్తి, కింది కొసలన్నీ చెట్టు మొదట్లోకి. నీలం, పసుపు, నలుపు. కాలువ గట్టంతా ఒక్క పెద్ద దోసిలి అయింది.

"పిచ్చిదానా, అవతల ఉరుములు! లోపలికి రా!" అని కనకమహాలక్ష్మి అరిచింది.

"నువ్వే రా! ఆ కొస ఎగిరిపోతోంది, వచ్చి కూచో దాని మీద!"

"నేను కూచుంటే చిరుగుద్ది వదినా!"

"చిరిగితే కుడతాలే, రా!"

కనకమహాలక్ష్మి వెళ్ళి కూర్చుంది. తన బరకం కోసం వచ్చిన విక్రమ్, ఈ ఏడే కొన్నది అలా మట్టిలో పరిచి ఉండటం చూసి నిలబడిపోయాడు.

"పిన్నీ! అది నాదే!"

"నీదే! తడిస్తే ఏమైంది, కరుగుద్దా? పార పట్టుకో, బోదె పూడిపోతోంది!"

వాన వచ్చింది. మొదట నాలుగు బొట్లు, బరకం మీద వేళ్ళతో తట్టినట్టు. తర్వాత లెక్క లేదు. అన్ని రంగుల మీంచీ నీళ్ళు జారి, మడతల్లో పాయలు కట్టి, పాదులోకి దూకాయి. పాదు నిండింది. నిండి, బుడగలు వేసి, తవ్విన బోదె గుండా ఎండిన కాలువలోకి దిగింది. మళ్ళీ నిండింది, మళ్ళీ దిగింది. అల్లావుద్దీన్ మంచం మీద గొడుగు పట్టుకుని "ఎడమ పక్క, ఎడమ పక్క" అని అరుస్తూనే ఉన్నాడు. ఎవరి ఎడమ పక్కో ఎవరికీ తెలియలేదు. వాన తగ్గాక ఆమినా బీ బోదెలోకి వంగి, బయటికి పోతున్న నీళ్ళు అరచేత్తో తీసి రుచి చూసింది.

"ఏంటి వదినా?" అంది కనకమహాలక్ష్మి, తడిసి ముద్దయి.

"పోతోంది. ఇంకా ఉప్పగానే ఉంది, కానీ పోతోంది."

మృగశిరలో ఇంకో వాన పడింది. అప్పటికి బరకాలు పరవడానికి ఎవరినీ పిలవక్కర్లేకపోయింది. మబ్బు కనబడగానే విక్రమ్ తన పొలంలోంచి ఇద్దరు కూలీలతో వచ్చేశాడు. ఆ రెండో వాన తర్వాత నీళ్ళు చప్పగా ఉన్నాయి.

తర్వాత కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. అదే కష్టమైన భాగం అంది కనకమహాలక్ష్మి. ఆమినా బీ మళ్ళీ దబ్బనం పట్టింది గానీ, ఒక కుట్టుకు ఒకసారి తల ఎత్తేది. అల్లావుద్దీన్ గోటితో చెట్టు బెరడు గీకి, కింద పచ్చగా ఉందని చెప్పేవాడు. "రోజూ గీకితే మీరే చంపుతారు" అని ఆమె తిట్టేది. కరెంటు వాళ్ళ బండి వచ్చిన పొద్దున, నిచ్చెన దించుతుంటే, విక్రమ్ వాళ్ళకి అడ్డంగా నిలబడి ఏదేదో మాట్లాడుతున్నాడు. నిచ్చెన ఎక్కిన మనిషి సగంలో ఆగాడు.

"ఏమ్మా, ఎండిందన్నారు? ఇక్కడ చిగుళ్ళున్నాయే."

కింద నుంచి కనబడనంత చిన్నవి. మొదలు నుంచి కాదు, పైన, తీగెల దగ్గర. ఎర్రగా, బియ్యపు గింజంత. అతను తీగెల మీదకు వంగిన ఒక్క కొమ్మ కొట్టి, నిచ్చెన మడిచి, కనకమహాలక్ష్మి దగ్గర టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ టీకి పాలు విరగలేదు.

"మీ వదిన ఏడ్చిందా?" అని అడిగాను.

"ఏడవడమా? నిద్రపోయింది. బండి మలుపు తిరిగిందో లేదో, బరకం మీదే పడుకుని, చేతిలో దబ్బనం అలాగే ఉంది, నిద్ర. మధ్యాన్నం దాకా. ఆయన మంచం మీంచి దిగలేని మనిషి, దిగి వెళ్ళి, ఆ దబ్బనం తీసి పక్కన పెట్టాడు."

*

కాలువ వదిలాక వెళ్ళాను. పులిగడ్డ దగ్గర కృష్ణ మీది అక్విడెక్టు దాటుతుంటేనే ఎర్ర నీళ్ళ వాసన బస్సులోకి వచ్చింది. కొత్త నీళ్ళు, చెత్తా చెదారం, గుర్రపుడెక్క పూలు ముందు తోసుకుంటూ దిగువకు పోతున్నాయి. నారుమళ్ళలో మనుషులు వంగి ఉన్నారు. కోడూరు రోడ్డు మీద ఏ చప్పుడూ విడిగా వినపడలేదు. అన్నీ కలిసి ఒక్క తడి చప్పుడు.

చెట్టు ఇంకా నిండలేదు. కొన్ని కొమ్మలు ఎండి పోయాయి, వాటిని కోసేశారు. మిగిలినవాటికి లేత ఆకులు. ఒక గాలి వచ్చి వాటన్నిటినీ ఒకేసారి తిప్పింది. చిన్న పిల్లలు అరచేతులు చూపించినట్టు అన్నీ తెల్లగా మెరిసి, మళ్ళీ పచ్చగా మూసుకున్నాయి. కింద నీళ్ళలో ఎర్ర వేళ్ళు ప్రవాహం వైపుకు దువ్వుకుని ఉన్నాయి.

ఆమినా బీ నా బరకం నీడలో పరిచి, చివరి అతుకు అద్దుతోంది. ఎలుకలు కొరికిన ప్రతి చోటా ఇప్పుడు ఒక చిన్న నల్ల చతురస్రం ఉంది.

"రెండు వానలు ఆపింది నీ బరకం," అంది. "ఆపడం కాదులే. పంపించింది. చిల్లులున్నది కాబట్టి చెట్టుకి దగ్గరగా వేశా. కారినా అందులోకే కారుద్ది అని."

అల్లావుద్దీన్ మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. రోడ్డవతల కనకమహాలక్ష్మి ఎవరికో, ఆ వాన సంగతి మూడోసారి చెబుతోంది. ఈసారి పిడుగు కూడా పడింది.

నేను చెట్టు మొదలు దగ్గరికి వెళ్ళి చూశాను. పాదు గట్టున తెల్లపొడి లేదు. మెత్తటి నల్ల మట్టి, దాని మీద ఒక వానపాము గీసిన గీత.

"భయం పోయిందా ఆమినా గారూ?" అని అడిగాను.

ఆమె దబ్బనం కొంగుకు గుచ్చుకుని, మోకాళ్ళ మీంచి లేచింది. ఒక చెయ్యి నడుం వెనక పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా వెనక్కి వంగింది. ఎముకలు చిటుకుమన్నాయి. కళ్ళు తెరిచి నవ్వింది.

"అది పోయాకే తెలిసిందమ్మా, నా నడుం ఎంత నొప్పి పుడుతోందో. ఇన్నాళ్ళూ తెలీనే లేదు. ఊఁ, నువ్వా కొస పట్టుకో, మడతేద్దాం."